ముందుగా అడగండి, మెత్తగా అడగండి

కొత్త కారు కొని, పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిన నెలలోపే చాలామంది నోట వచ్చే మాట ఒకటుంది. "అంతా బాగుంది గానీ పికప్ లేదండీ. తొక్కితే వెంటనే లాగదు, వదిలితే వెంటనే తగ్గదు." పాత మారుతి 800 నడిపినవాళ్లయితే ఇంకో మాట కలుపుతారు. "ఆ బండి నా కాలు చెప్పినట్టు వినేది."

ఈ ఫిర్యాదులో సగం నిజం ఉంది. ఆ సగం కారుది. మిగిలిన సగం నడిపేవాళ్లది, నాకు ఆసక్తి దాని మీదే. ఎందుకంటే కారులోని కంప్యూటర్‌ని మీరు మార్చలేరు. మీ పాదాన్ని మాత్రం మార్చుకోగలరు. అది మారితే సిగ్నల్ దగ్గర, ఘాట్ రోడ్డులో, రెండు వరుసల హైవేలో లారీ వెనకాల మీరు వేరే మనిషిగా కూర్చుంటారు. ఓపిక పెంచుకోవాలని, అవతలివైపు సంగతి అర్థం చేసుకోవాలని పుస్తకాల్లో చదువుతుంటాం. గేర్ల కారు ఆ పాఠాన్ని రోజూ, ఉచితంగా, కాలి కింద పెట్టి నేర్పిస్తుంది. నేర్చుకోవాలంటే ముందు కారు ఏం చేస్తోందో తెలియాలి.

మారుతి 800, అంబాసిడర్, పద్మిని కాలంలో యాక్సిలరేటర్ పెడల్ నుంచి ఇంజన్ దాకా ఒక ఉక్కు కేబుల్ ఉండేది. బావి గిలక మీద చేదతాడు లాగినట్టే, ఇక్కడ ఎంత లాగితే అక్కడ అంత. కేబుల్ చివర త్రాటిల్ అనే గుండ్రటి రేకు ఉండేది. అది తెరుచుకుంటే ఇంజన్‌లోకి గాలి వెళ్లేది. ఆ గాలికి తగ్గ పెట్రోలును కార్బురేటరో, తర్వాతి రోజుల్లో ఇంజెక్టరో కలిపేది. మీ పాదానికీ ఆ రేకుకూ మధ్య ఎవరూ లేరు.

ఇప్పుడు ఉన్నారు. పెడల్ దగ్గర రెండు సెన్సర్లు కూర్చుని మీరు ఎంత తొక్కారో చూస్తుంటాయి. రెండూ ఒకే సంగతిని వేర్వేరు వోల్టేజీల్లో చెబుతాయి. చాలా కార్లలో ఒకటి చెప్పే వోల్టేజీ రెండోదానిలో సగం ఉంటుంది. రెండు లెక్కలూ పొసగకపోతే కంప్యూటర్ అనుమానిస్తుంది, ఇంజన్ లైటు వెలిగిస్తుంది, బండి మెల్లగా షెడ్డుకు చేరేంత బలం మాత్రం ఉంచుతుంది. అన్నీ సరిగ్గా ఉంటే ఆ సంకేతం ఈసీయూకు, అంటే ఇంజన్ కంప్యూటర్‌కు వెళుతుంది. అది ఆలోచించుకుని త్రాటిల్ దగ్గరున్న చిన్న మోటారుకు ఎంత తెరవాలో చెబుతుంది. 1988 ప్రాంతంలో బీఎండబ్ల్యూ తన 7 సిరీస్‌లో ఈ పద్ధతి పెట్టినప్పుడు అది ధనవంతుల కార్ల సంగతి. ఇవాళ మన వీధిలోని చిన్న పెట్రోలు కారులోనూ అదే ఉంది.

ఇక్కడ అందరికీ తెలియాల్సిన మలుపు ఒకటుంది. 90ల చివర్లో వచ్చిన ఇంజన్ కంప్యూటర్లు మీ పెడల్‌ని "రేకు ఇంత తెరువు" అన్న ఆజ్ఞగా చదవడం మానేశాయి. "డ్రైవరుకు ఇంత టార్క్ (తిప్పే బలం) కావాలట" అని చదవడం మొదలుపెట్టాయి. అదే సమయంలో ఏసీ కంప్రెసర్ తనకు కొంత బలం కావాలంటుంది. చక్రం జారుతోందని స్టెబిలిటీ కంట్రోల్ తగ్గించమంటుంది. పొగను శుభ్రం చేసే క్యాటలిస్ట్ ఇంకా వేడెక్కలేదని ఇంకో లెక్క చెబుతుంది. ఇన్ని విన్నపాల మధ్య మీది ఒకటి. పెద్ద విన్నపమే, దాదాపు అన్నిసార్లూ నెరవేరేదే. అయినా విన్నపమే.

నా దృష్టిలో ఈ ఒక్క సంగతి మనసుకు ఎక్కితే సగం డ్రైవింగ్ మారిపోతుంది.

ఆ ఆలస్యం ఎవరిది?

త్రాటిల్ మోటారు మందకొడిదేమీ కాదు. మూసి ఉన్న రేకును పూర్తిగా తెరవడానికి దానికి సెకనులో పదో వంతు చాలు. మరి మీకు తెలిసే ఆలస్యం ఎక్కడిది? కంప్యూటర్ కావాలని పెట్టినది. ఎందుకు పెట్టిందో తెలిస్తే కోపం తగ్గుతుంది. కారణం తెలిసిన ఆలస్యాన్ని ఓర్చుకోవడం మనిషికి తేలిక, తెలియని ఆలస్యమే చికాకు పెడుతుంది.

తొక్కినప్పుడు వచ్చే ఆలస్యం గేర్ల కారులో మరీ ఎక్కువగా తెలుస్తుంది. గేరులో ఉండి, క్లచ్ వదిలేసి ఉన్నప్పుడు ఇంజన్‌కూ చక్రానికీ మధ్య నేరుగా ఇనుముకు ఇనుము సంబంధం. ఆటోమేటిక్‌లలో చాలావాటికి టార్క్ కన్వర్టర్‌లోని నూనె కుదుపును మింగేస్తుంది, ఇక్కడ ఆ నూనె లేదు. గేర్ల పళ్ల మధ్య, డ్రైవ్ షాఫ్టుల కీళ్లలో, ఇంజన్‌ని పట్టుకున్న రబ్బరు మౌంట్లలో కొంచెం సందు ఉంటుంది. కాలు తీసి ఉన్నప్పుడు చక్రాలు ఇంజన్‌ని తిప్పుతుంటాయి. కాలు వేయగానే ఇంజన్ చక్రాలను తిప్పాలి. ఈ తిరుగుడులో ఆ సందులన్నీ ఒక్కసారి అటు నుంచి ఇటు మూసుకుంటాయి. బలం అంతా ఒకేసారి పంపితే 'టక్' మని శబ్దం, వెంటనే ముందుకూ వెనక్కూ ఊగుడు. అందుకని కంప్యూటర్ మొదటి క్షణంలో బలాన్ని కొంచెమే పంపి, సందు మూసుకున్నాక మిగతాది వదులుతుంది. మీకు 'లాగట్లేదు' అనిపించే క్షణంలో అది జరుగుతోంది. వెనక సీట్లో కూర్చున్న మీ అమ్మగారి మెడ కోసం, గేర్‌బాక్స్ ఆయుష్షు కోసం పెట్టిన జాగ్రత్త అది.

వదిలినప్పుడు వచ్చే ఆలస్యానికి కారణం వేరు. మీరు కాలు తీసి క్లచ్ నొక్కారు. ఆర్పీఎం ముల్లు ఠక్కున పడిపోవాలి గదా, పడదు. ఒక్క క్షణం అక్కడే వేలాడుతుంది, కొన్ని కార్లలో కాస్త పైకి కూడా వెళుతుంది. దీన్ని చూసి కేబుల్ ఇరుక్కుందనుకుని షెడ్డుకు పరుగెత్తినవాళ్లున్నారు. అసలు అక్కడ కేబులే లేదు. రేకును ఠపీమని మూసేస్తే ఇంజన్‌లోకి గాలి ఒక్కసారి తగ్గిపోతుంది. గాలి గొట్టం గోడలకు అంటుకున్న సన్నటి పెట్రోలు పొర ఆ పీల్పుకు ఆవిరై, సరిపడా గాలి లేక సగం కాలి, పొగ గొట్టంలోకి పోతుంది. పోనీ పెట్రోలునే పూర్తిగా ఆపేద్దామంటే క్యాటలిస్ట్ నిండా ఆక్సిజన్ చేరి, మళ్లీ తొక్కినప్పుడు నైట్రోజన్ ఆక్సైడ్లను అది వెంటనే శుభ్రం చేయలేదు. అందుకే కంప్యూటర్ రేకును మెల్లగా మూస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బీఎస్ 6 నిబంధనలు వచ్చాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి కారు ల్యాబులోనే గాక నిజం రోడ్డు మీద కూడా ఎంత పొగ వదులుతోందో లెక్కలోకి వచ్చింది. ముల్లు వేలాడే ఆ క్షణం, మన ఊళ్లో స్కూలు పిల్లలు పీల్చే గాలి కోసం మనం ఇచ్చే చిన్న వాటా. నేను దాన్ని సంతోషంగా ఇస్తాను.

డీజిల్ కారుదైతే కథ వేరు. అక్కడ బలాన్ని నడిపేది గాలి రేకు కాదు, ఇంజెక్టర్ చిమ్మే డీజిల్. దానికి తోడు టర్బో. పాత స్విఫ్ట్ డీజిల్ నడిపినవారికి గుర్తుండే ఉంటుంది, 2000 ఆర్పీఎం లోపు బండి నిద్రపోతున్నట్టు ఉండి, దాటగానే ఎవరో వెనక నుంచి తోసినట్టు దూకేది. ఎదురుచూసి అడగడం వాళ్లకు ఆ రోజుల్లోనే అలవాటైంది.

పట్టు బిగిస్తే ఏమవుతుంది?

ఆలస్యం ఉన్న యంత్రం మనిషిని ఏం చేస్తుందో చూపించిన గొప్ప సంఘటన ఒకటుంది. మనిషికీ యంత్రానికీ మధ్య కంప్యూటర్‌ని పెట్టాలన్న ఆలోచన విమానాల్లో ముందు పండింది. 1972 మే 25న నాసా ఎఫ్-8 అనే యుద్ధ విమానాన్ని డిజిటల్ కంప్యూటర్ మధ్యవర్తిత్వంతో ఎగరేసింది. తర్వాత స్పేస్ షటిల్‌ను కూడా అదే పద్ధతిలో కట్టారు. 1977 అక్టోబర్ 26న కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ స్థావరంలో ఎంటర్‌ప్రైజ్ అనే పరీక్ష షటిల్ రన్‌వే మీద దిగాలి. నడుపుతున్నవాడు ఫ్రెడ్ హైస్, అపోలో 13లో వెళ్లి ప్రాణాలతో తిరిగొచ్చిన వ్యోమగామి. చెయ్యి తిరిగిన పైలట్.

రన్‌వే దగ్గరపడింది. హైస్ స్టిక్ కదిపాడు. అతని చేతికీ షటిల్ రెక్కకూ మధ్య కొంత ఆలస్యం ఉంది, రెక్కల వెనక అంచు పలకలు కదిలే వేగానికి ఒక హద్దు ఉంది. స్పందన కనిపించలేదని ఇంకొంచెం కదిపాడు. అంతలో మొదటిదీ రెండోదీ కలిసి వచ్చిపడ్డాయి. ఎక్కువైందని వెనక్కి లాగాడు. అదీ ఆలస్యంగానే వచ్చింది. షటిల్ ఊగింది, నేలను తాకి మళ్లీ గాల్లోకి లేచింది. పక్కనున్న గోర్డన్ ఫుల్లర్టన్‌కు విషయం అర్థమై పట్టు వదులు చేయమన్నాడు. హైస్ వదులు చేశాడు. ఊగుడు ఆగింది, షటిల్ క్షేమంగా దిగింది. తర్వాత నాసా ఆ ఎఫ్-8 విమానాన్నే తీసుకుని, ఎంత ఆలస్యం ఉంటే పైలట్ తడబడతాడో పరీక్షించి, షటిల్ కంప్యూటర్‌లో దిద్దుబాటు చేసింది.

ఇంత పెద్ద పైలట్‌కే జరిగిందని ఓదార్చుకోవడానికి ఇది చెప్పడం లేదు. ఇందులో పనికొచ్చే ముక్క వేరే ఉంది. ఊగుడుని ఆపింది ఇంకా గట్టి పట్టు కాదు, పట్టు వదలడమే. మీ కారులో జరిగేదీ అచ్చం ఇదే. సిగ్నల్ పడింది. కొంచెం తొక్కారు, కదలలేదు. వెనకవాడు హారన్ కొట్టాడు. ఇంకా తొక్కారు. రెండు తొక్కుళ్లూ కలిసి ఇంజన్ గయ్యిమంది. బెదిరి కాలు తీశారు, క్లచ్ సగంలో ఉంది. బండి ఎగిరి దూకి, మూడు కుదుపులు కుదిపి ఆగిపోయింది. ఇందులో కారు తప్పేమీ లేదు. మొదటి అడుగుడుకు జవాబు వచ్చేలోపు రెండోసారి అడగడమే తప్పు.

కాబట్టి మొదటి నియమం: ఒకసారి అడిగితే, జవాబు వచ్చేదాకా పాదం కదపకండి. క్షణం చాలు. మొదట్లో ఆ క్షణం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. అనిపించనివ్వండి.

పాదానికి నేర్పండి

ఆదివారం పొద్దున ఖాళీగా ఉన్న మైదానమో, ఇంకా ఇళ్లు లేవని వెంచరు రోడ్డో చూసుకోండి. చెప్పులు తీసేసి, సన్నటి అడుగున్న బూట్లు వేసుకోండి. మడమను నేల మీద ఆనించండి. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, గాల్లో వేలాడే కాలు కొలత పట్టలేదు. మడమ ఆనితే పాదం ముందుభాగం మిల్లీమీటరు లెక్కన కదులుతుంది.

ముందు యాక్సిలరేటర్ ముట్టుకోకుండా బండి కదిలించండి. ఫస్ట్ గేరు వేసి క్లచ్‌ని అతి మెల్లగా వదలండి. చదునైన నేల మీద ఇప్పటి పెట్రోలు కార్లు చాలావరకు వాటంతట అవే పాకుతాయి. ఇంజన్ ఆగిపోబోతోందని గ్రహించి కంప్యూటరే కొంచెం బలం అందిస్తుంది. ఆ సాయాన్ని పాదంతో గమనించండి: క్లచ్ పట్టే చోట పెడల్‌లో చిన్న వణుకు, బానెట్ కొంచెం లేవడం, ఆర్పీఎం ముల్లు కాస్త కిందికి దిగి మళ్లీ సర్దుకోవడం. ఆ సర్దుకోవడమే కంప్యూటర్ పని. ఇది బాగా తెలిశాక, క్లచ్ పట్టే చోట ఆగి, అప్పుడు యాక్సిలరేటర్ కొంచెం ఇచ్చి, అక్కడే నిలిపి, క్లచ్ వదలండి. 'కొంచెం ఇచ్చి, అక్కడే నిలిపి' అన్నదాంట్లో 'నిలిపి' అన్నమాట మీద గురి పెట్టండి. బండి జర్క్ లేకుండా కదలడం అందులోనే ఉంది.

గేరు మార్చేటప్పుడు వేలాడే ముల్లుతో చాలామంది గొడవపడతారు. లెక్క చూడండి. ఒక చిన్న పెట్రోలు కారులో ఫస్ట్ గేరులో 3000 ఆర్పీఎం దగ్గర సెకండ్‌కు మారితే, అదే వేగానికి సెకండ్‌లో ఇంజన్ సుమారు 1600 దగ్గర తిరగాలి. మధ్యలో 1400 పడాలి. ముల్లు వేలాడుతుండగానే క్లచ్ వదిలితే, ఇంజన్ తన అదనపు వేగాన్నంతా చక్రాల మీద పారేస్తుంది. అదే ఆ ముందుకు తోపు. మందు చాలా సులువు. క్లచ్ నొక్కడానికి ఒక్క క్షణం ముందే యాక్సిలరేటర్ మీద కాలు తీయండి. రెండూ ఒకేసారి కాదు, క్లచ్ ముందు అసలే కాదు. గేరు మీటను బలంగా తొయ్యకుండా న్యూట్రల్ దగ్గర ఒక్క ఊపిరి ఆపి వేయండి. ముల్లు దిగుతుండగా క్లచ్ వదలండి. తొందర లేని రోడ్డు మీదైతే 3000 దాకా లాగకుండా 2000 దగ్గరే మార్చండి. పడాల్సిన దూరమే తగ్గిపోతుంది, పెట్రోలూ మిగులుతుంది.

ఏఎంటీ కారులో ఎప్పుడైనా కూర్చుని ఉంటే గమనించే ఉంటారు. అక్కడ క్లచ్, త్రాటిల్ రెండూ కంప్యూటరే చూసుకుంటుంది. దానికీ ఆ క్షణం కావాలి, అందుకే గేరు మారేటప్పుడు తల కొంచెం ముందుకు వాలుతుంది. నేర్చుకున్న పాదం దానికంటే మెత్తగా మార్చగలదు. ఈ మాట నేను గట్టిగానే అంటాను.

గేరు దించేటప్పుడు తిరగేసిన లెక్క. థర్డ్ నుంచి సెకండ్‌కు వస్తే ఇంజన్ వేగం పెరగాలి. క్లచ్ లోపల ఉండగా యాక్సిలరేటర్ కొంచెం తాకించి, ఆ వేగం అందుకున్నాక క్లచ్ వదిలితే బండి నూలుపోగంత కూడా ఊగదు. ఎలక్ట్రానిక్ త్రాటిల్‌తో ఇక్కడ ఒక కిటుకుంది. పాత కేబుల్ బండికి ఇచ్చినట్టు చిటికెలో తాకి తీస్తే కంప్యూటర్ దాన్ని పట్టించుకోకపోవచ్చు. కొంచెం తక్కువగా తొక్కి, కొంచెం ఎక్కువసేపు ఉంచండి. 2009లో నిస్సాన్ 370జెడ్‌లో ఈ పనిని కంప్యూటరే చేసేలా పెట్టారు. మన కార్లకు అది లేకపోతేనేం, కాలు ఉంది.

దాటే ముందు

రెండు వరుసల రోడ్డు మీద ఓవర్‌టేక్ చేయడం ప్రాణాలతో పని. ఇక్కడ పికప్ ఫిర్యాదు చేసేవారిలో చాలామంది తప్పు గేరులో ఉంటారు. 50 కిలోమీటర్ల వేగంతో ఫిఫ్త్ గేరులో లారీ వెనక పాకుతూ, ఎదురుగా ఖాళీ కనిపించగానే పెడల్ నేలకు తొక్కుతారు. 1.2 లీటర్ల మామూలు పెట్రోలు ఇంజన్లలో చాలావాటికి పూర్తి టార్క్ 4000 ఆర్పీఎం చుట్టుపక్కల వస్తుంది. ఫిఫ్త్‌లో 50 దగ్గర ఆ ఇంజన్ అందులో సగం కూడా తిరగదు. త్రాటిల్ నిండా తెరుచుకున్నా ఇంజన్ ఇవ్వగలిగింది అంతే. కొన్ని ఒక లీటరు టర్బో కార్ల కరపత్రంలో 1500 నుంచే పూర్తి టార్క్ అని రాసి ఉంటుంది. నిజమే, టర్బో తిరగడం అందుకున్నాక. అడిగిన క్షణంలో కాదు.

80 వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఆ సెకనును ఎదురు వరుసలో ఖర్చు చేస్తారా, మీ వరుసలో ఉండగానే ఖర్చు చేస్తారా అన్నదే ప్రశ్న. లారీకి ఇంకా దూరం ఉండగానే థర్డ్‌కు దించండి. పాదాన్ని కొంచెం పెడల్ మీద ఉంచి, గేర్ల సందులన్నీ ముందే మూసుకుపోయేలా, టర్బో ఉంటే అది తిరుగుతుండేలా చూసుకోండి. ఎదురుగా ఏమీ రావడం లేదని రూఢి అయ్యాక తొక్కితే ఆలస్యం ఉన్నట్టే తెలియదు. ఖాళీ రాలేదా, మళ్లీ ఫోర్త్ వేసుకుని వెనకాల ఉండండి. ముందే సిద్ధమైనవారికి ఆగడం నామోషీ అనిపించదు. ఏమీ సిద్ధం చేసుకోనివారే తెగించి దూరతారు. ఇది రోడ్డు మీద నేను పదేపదే చూసే తేడా.

ఘాట్ దిగడం ఇంకో పాఠం. తిరుమల నుంచి కిందికి వచ్చే పాత ఘాట్ రోడ్డు 1944లో తెరిచినది, మలుపు మీద మలుపు. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ చేసి దించేవారు ఇప్పటికీ ఉన్నారు. కేబుల్, కార్బురేటర్ కాలపు అపోహ అది. ఇప్పటి కారులో గేరులో ఉంచి కాలు తీస్తే కంప్యూటర్ ఇంజెక్టర్లను మూసేస్తుంది, చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి, పెట్రోలు ఖర్చు సున్నా. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి. పైగా బండి భారమంతా బ్రేకుల మీద పడి అవి కాలిపోతాయి. సెకండ్‌లో దిగండి. మలుపు దాటాక చదును వస్తుందనగా పాదాన్ని ముందుగానే పెడల్ మీద మెత్తగా ఆనించండి. ఇంజెక్టర్లు మళ్లీ తెరుచుకునేటప్పటి చిన్న కుదుపు అలా కరిగిపోతుంది.

డబ్బుతో పాదం కొనలేం

పికప్ కోసం పెడల్ దగ్గర బిగించే చిన్న పెట్టెలు అమ్ముతున్నారు. త్రాటిల్ కంట్రోలర్ అంటారు. అది చేసే పని ఒక్కటే: మీరు పెడల్‌ని పావువంతు తొక్కితే, సగం తొక్కారని కంప్యూటర్‌కు చెబుతుంది. ఇంజన్ బలం వెంట్రుకవాసి కూడా పెరగదు. పూర్తిగా తొక్కినప్పుడు పెట్టె ఉన్నా లేకున్నా ఒకటే. కారులో స్పోర్ట్ మోడ్ ఉంటే అది కూడా చాలావరకు చేసేది ఇదే. స్పోర్ట్ మోడ్ తప్పని అనను. ఖాళీ హైవే మీద సరదాగా ఉంటుంది. కానీ ట్రాఫిక్‌లో బంపర్‌కు బంపర్ ఆనించి పాకేటప్పుడు పాదానికి కొలత పట్టే జాగానంతా అది లాగేసుకుంటుంది. కొత్తగా నేర్చుకుంటున్నవారు దాని జోలికి పోకపోవడమే మంచిది. ఆ పెట్టెకు పెట్టే డబ్బుతో ఒక మంచి డ్రైవింగ్ శిక్షకుడి దగ్గర నాలుగు క్లాసులు తీసుకోండి.

కారులో నిజంగా లోపం ఉండే సందర్భాలూ ఉన్నాయి. నేర్చుకునే ఓపిక పేరుతో వాటిని భరించకూడదు. ఐడ్లింగ్ ఎగుడుదిగుడుగా ఉంటే, సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట తానే ఆగిపోతుంటే, త్రాటిల్ రేకు అంచున నల్లటి మసి పేరుకుని ఉండొచ్చు. మూత విప్పితే వేలికి అంటుకునే జిగురు మసి అది. శుభ్రం చేయించండి. అయితే స్విచ్ ఆన్‌లో ఉండగా రేకును వేలితో నెట్టి తెరిచే మెకానిక్‌ని ఆపండి. లోపలి ప్లాస్టిక్ పళ్లు దెబ్బతింటాయి. శుభ్రం చేశాక చాలా కార్లకు స్కానర్ పెట్టి త్రాటిల్‌కు మూసిన స్థానం మళ్లీ నేర్పించాలి. అది చేయకుండా ఇచ్చేస్తే ఐడ్లింగ్ పాడైందని మళ్లీ వస్తారు. క్లచ్ పెడల్ దగ్గర ఒక చిన్న స్విచ్ ఉంటుంది, మీరు క్లచ్ నొక్కారని కంప్యూటర్‌కు చెప్పేది అదే. అది పాడైతే ముల్లు వేలాడటం విపరీతమవుతుంది. ఇంజన్ లైటు వెలిగిందంటే వాయిదా వేయకండి.

నేల మీద పరిచే మ్యాట్ కూడా చూడండి. 2009, 2010లలో అమెరికాలో టొయోటా కార్లు వాటంతట అవే వేగం పుంజుకుంటున్నాయని పెద్ద గగ్గోలు లేచింది. ఎలక్ట్రానిక్ త్రాటిల్ మీదే అందరి అనుమానం. నాసా ఇంజనీర్లతో పరిశీలింపజేశారు. 2011 ఫిబ్రవరిలో వచ్చిన నివేదిక ప్రకారం అలాంటి ప్రమాదకర వేగానికి ఎలక్ట్రానిక్ లోపం కారణమన్న ఆధారం దొరకలేదు. అధికారులు గుర్తించిన యాంత్రిక కారణాలు రెండు: తిరిగి పైకి రాకుండా బిగుసుకునే పెడల్, పెడల్‌ని కిందే పట్టేసే మ్యాట్. మన దగ్గర కంపెనీ మ్యాట్ మీద ఇంకో మందపాటి మ్యాట్ వేయడం మామూలే. ఒకటి తీసేయండి. ఇంజన్ ఆఫ్ చేసి ఉండగా పెడల్‌ని నేలదాకా నొక్కి వదిలి, తడుముకోకుండా పైకి వస్తోందో లేదో చూడండి. ఎప్పుడైనా వేగం అదుపు తప్పితే గేర్ల కారులో మీకు ఒక గొప్ప వరం ఉంది. బ్రేకు గట్టిగా, క్లచ్ పూర్తిగా, రెండూ ఒకేసారి నొక్కండి. క్లచ్ నొక్కాక ఇంజన్ ఎంత అరిచినా దాని బలం చక్రాలకు చేరదు.

నేర్పేటప్పుడు

ఇంట్లో ఎవరికైనా మీరు నేర్పుతున్నారనుకోండి. పరీక్ష అసలు ఇక్కడే. కూతురు డ్రైవింగ్ సీట్లో, తండ్రి పక్కన. "నాన్నా, తొక్కాను, కదల్లేదు." "ఇంకొంచెం తొక్కమ్మా." బండి ఎగిరి దూకుతుంది. "అంత తొక్కమన్నానా?" అమ్మాయి కళ్లు చెమ్మగిల్లుతాయి, ఆ రోజుకు పాఠం అయిపోతుంది. ఆ తండ్రి చెడ్డవాడు కాదు. కేబుల్ బండి మీద నేర్చుకున్న మాటలతో ఎలక్ట్రానిక్ బండి నేర్పుతున్నాడు.

డ్రైవింగ్ స్కూలు కారులో శిక్షకుడి కాలి కింద అదనపు క్లచ్, బ్రేకు ఉంటాయి గానీ యాక్సిలరేటర్ ఉండదు. ఇంట్లో నేర్పేవారికి ఆ రెండూ కూడా ఉండవు, ఉన్నది నోరొక్కటే. కాబట్టి మాటలు మార్చుకోండి. 'ఇంకొంచెం' అనే బదులు 'అక్కడే ఉంచు' అనండి. 'కాలు తియ్' అని అరిచే బదులు 'మెల్లగా వదులు' అనండి. తప్పు జరుగుతుండగా వివరించకండి, బండి ఆగాక వివరించండి. మొదటి కొన్ని రోజులూ యాక్సిలరేటర్ లేకుండా క్లచ్‌తోనే పాకించండి. పాదాలు కనిపించే చోట ఫోను పెట్టి వాటిని వీడియో తీసి, ఇంటికొచ్చాక ఇద్దరూ కలిసి చూడండి. ఎక్కడ రెండోసారి తొక్కిందో అమ్మాయికే కనిపిస్తుంది, మీరు వేలెత్తి చూపించనక్కర్లేదు.

ఇక మీ కారు మీరు నడిపేటప్పుడు, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని కళ్లు మూసుకోమనండి. గేర్లు ఎప్పుడెప్పుడు మారాయో చెప్పమనండి. తెలిసిన రోడ్డు మీద, తక్కువ వేగంలో చాలు. ఫస్ట్ నుంచి సెకండ్ దొరికిపోవడం మామూలే. సెకండ్ నుంచి థర్డ్ దొరకకుండా చేయగలిగితే మీ పాదం కారుతో మాట్లాడటం నేర్చుకున్నట్టు. ఫస్ట్ మీద ఇంకా పని చేయండి.